మొలకెత్తనని మొండికేసిన క్వినోవా గింజల గురించి

నగర తోటల శాఖ విత్తనాధికారి గారి సముఖమునకు

విషయం: తమ శాఖవారు దయచేసిన క్వినోవా గింజలు మొలకెత్తుటకు నిరాకరించుట – శుక్రవారపు తనిఖీ వాయిదా కోరుట – గురించి.

అయ్యా,

నేను రైలుస్టేషను ఎదుట గడియారాలు బాగుచేసుకొని బతుకువాడను. నీళ్ల ట్యాంకు వెనుక మంచమంత మడిని తమరు నాకు కేటాయించి, శుక్రవారం తనిఖీనాటికి ఒక్క మొలకైనా కనబడనిచో దానిని మా పక్క దుకాణపు టైలరుకు బదలాయింతుమని ఉత్తర్వు ఇచ్చియున్నారు. ఆయన ఇప్పటికే టేపు తెచ్చి నా మడిని కొలుచుకొని వెళ్లినాడు. కావున నా గోడు ఈ దిగువ మనవి చేయుచున్నాను.

1. లోతు: గింజను అర అంగుళం లోతున వేయవలెనని తమ కరపత్రము. నేను కంటికి భూతద్దం తగిలించుకొని, వాచీల పళ్లచక్రాలు పట్టుకొను పటకారుతో ఒక్కొక్క గింజనే నాటితిని. ఇంతకన్న మర్యాదగా ఏ గింజనూ ఎవరూ మట్టిలోకి పంపియుండరు.

2. తేమ: నీరు కాస్త ఉప్పగా ఉన్నను ఈ పంట ఓర్చుకొనునని చదివితిని. అయినను అనుమానము తీరక తాగునీరే పోసితిని. "ఇంట్లోవాళ్లకి లేని మంచినీళ్లు దానికా?" అని మా ఆవిడ మూతి ముడిచినది.

3. వేడి: మట్టి మరీ కాగినచో మొలక రాదని తెలిసి, మిట్టమధ్యాహ్నము దుకాణం మూసి, మడికి గొడుగు పట్టుకొని నిలబడితిని. ఒకాయన అక్కడికే వెతుక్కుంటూ వచ్చి "నా వాచీ సంగతేం చేశారండీ?" అని అడుగగా, "ఇంకా మొలవలేదండీ" అని బదులిచ్చితిని. ఆయన మరల రాలేదు.

4. రెండు మూడు రోజులలో మొలుచునన్న గింజ రెండు వారములైనను ఉలకదు, పలకదు. నా వైపు అన్నియు సక్రమముగా ఉన్నందున లోపము గింజలదే, అనగా తమదే. అయ్యా, పొద్దస్తమానం చీకటి కొట్టులో కూర్చొని ఊరందరి టైమూ సరిచేస్తుంటాను. నాది అని చెప్పుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి పచ్చగా పెరగాలని ఉంది. చాలా ఉంది.

కావున తనిఖీ వాయిదా వేసి, ఈసారి ప్రాణమున్న గింజలు ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వాచీ మెకానిక్

తా.క.: సార్, పైదంతా ఇంట్లో చదివి వినిపించాను. మా అత్తగారు చివరిదాకా విని, "ఆ గింజలేనా బాబూ? కడిగితే సబ్బునురగలా వచ్చింది. ఏడు నీళ్లు పోసి కడిగి, పురుగు పట్టకుండా దోరగా వేయించి, మళ్లీ నీ పొట్లంలోనే కట్టి పెట్టాను. లేకపోతే నీ కష్టమంతా పాడైపోయేది కదా!" అన్నారు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

భూతద్దంలో గింజలు ఎర్రగా కనబడితే అది వాటి జాతి లక్షణమనుకున్నాను. వేయించిన గింజ మొలవదని తమకు నేను చెప్పాలా? కానీ పెళ్లయిన ఇన్నేళ్లలో మా అత్తగారు నా కోసం ఒక పని చేయడం ఇదే మొదటిసారి. ఇప్పుడు నోరు విప్పి నిజం చెప్పలేను. తప్పు మీ గింజలదేనని దయచేసి ఒక ముక్క రాసివ్వండి. కొత్త గింజలు మాత్రం ఇంటికి కాకుండా దుకాణానికి పంపండి.

ఇంకొక్క మాట. "మా అల్లుడికి పుచ్చు గింజలు అంటగడతారా? వాళ్ల సంగతి తేలుస్తాను!" అంటూ ఆవిడ రేపు పొద్దున్నే మీ ఆఫీసుకి బయల్దేరుతున్నారు. నా మొహం చూసి కాస్త తిట్లు పడండి సార్.