రెండోసారి

సంత్రాగాఛి,
6 జూలై 1998

అత్తమ్మకు నాగేశ్వరి నమస్కారాలు.

మీ కొడుకును మళ్ళీ పట్టుకున్నారు. కిందటిసారి లోకల్ రైల్లో కాలేజీ పిల్ల. ఇప్పుడు మన బస్తీలో సన్యాసమ్మ కూతురు, ఆస్పత్రిలో ఆయాగా చేసే జయలక్ష్మి. కుళాయి దగ్గర గోడకు అదిమి జాకెట్టు చింపాడు. ఆ పిల్ల చెయ్యి కొరికి తప్పించుకుంది.

నేనే ఠాణాకు వెళ్ళి, ఇంతకుముందు మూడు నెలలు జైల్లో ఉన్నాడు, అదీ రాసుకోండి దాదా అన్నాను. దారోగా నన్ను వింతగా చూశాడు. "రాసుకుంటాం వదినా. కానీ ఎన్నోసారయినా అదే సెక్షను. జామీను దొరుకుతుంది" అన్నాడు. మన వకీలు శ్యామసుందర్ గారినడిగితే, "రెండోసారి దొంగతనానికి శిక్ష పెంచడానికి చట్టంలో చోటుందమ్మా, దీనికి లేదు" అన్నారు. సైకిలుకున్న విలువ ఆడదానికి లేదా అని ఆయన మీద అరిచాను. ఆయనేం చేస్తారు పాపం! ఎవరి మీద అరవాలో తెలియక అరిచాను.

సన్యాసమ్మ మన గుమ్మంలోకొచ్చి, "నీకేటమ్మా, నీ మొగుడు రేపొచ్చేత్తాడు. నా పిల్ల గడప దాటాలంటే వొణికిపోతంది" అంది. 

మిమ్మల్ని పిలిపించమని మీ కొడుకు కోదండం లాకప్పులోంచి కబురంపాడు. కిందటిసారి మీరు జడ్జీగారి కాళ్ళ మీద పడి ఏడిస్తేనే కదా శిక్ష తగ్గింది! ఈసారి రాకండి. ఆ సాయంత్రం చేతి మీద పంటిగాటుతో ఇంటికొచ్చాడని కోర్టులో నేనే చెబుతాను. తరవాత నన్ను కోడలనుకున్నా మానినా మీ ఇష్టం.

మీ
నాగేశ్వరి


బొబ్బిలి,
15 జూలై 1998

అమ్మా నాగేశ్వరీ,

నీ ఉత్తరం పోస్టుమాన్ గవరయ్య చదివిపెట్టాడు. ఇదీ అతనే రాస్తున్నాడు. వినగానే నీ మీద కోపం వచ్చింది. కన్నకడుపు కదా! రెండు రోజులు అన్నం సయించలేదు. మళ్ళీ చదివించుకున్నాను. ఆ కాలేజీ పిల్ల కూడా ఆనాడు కోర్టులో ఓ మూల నిలబడే ఉంది. నేను దానివైపు చూడనైనా లేదు.

నువ్వు రావద్దన్నా వస్తున్నాను. జామీనుకు కాదు. ఈ ముసలిదాన్ని చూసి వాడికి ఒక్క రోజు కూడా తగ్గించొద్దని జడ్జీగారికి చెప్పాలి. చట్టంలో ఎంతుంటే అంతా వెయ్యమనాలి.

హౌరాలో బండి దిగేసరికి స్టేషనుకు రా. ఆనాడు ఏడవడానికి నాకు ఏ భాషా అక్కర్లేకపోయింది. ఈ మాట చెప్పడానికి బెంగాలీ కావాలి. నా పక్కన నిలబడి నువ్వే చెప్పాలి.

నీ అత్త
అప్పలకొండమ్మ వేలిముద్ర