స్ప్రింగు పలక

కొత్తకోట, మే నెల, ఆదివారం రాత్రి

అన్న కిరాయికి తెచ్చిన టీవీ గేములో నా బొమ్మ ప్రతిసారీ స్ప్రింగు పలక దగ్గరే గుంతలో పడుతోంది. పలక పూర్తిగా కుంగి పైకి లేచేటప్పుడు మీట నొక్కాలి. నేను భయంతో ముందే నొక్కేస్తాను.

“గిది దాటు చెల్లె, నీ హైదరాబాద్ కాలేజీ ముచ్చట బాపుకు నేనే చెప్త,” అన్నాడు అన్న. బాపు ముందు నాకు నోరు పెగలదని అన్నకు తెలుసు.

ఈసారి ఆగి నొక్కాను. బొమ్మ ఎగిరింది. అవతల దిగేలోపే కరెంటు పోయింది.

“దాటలే! నేను చెప్ప,” అని అన్న నవ్వాడు.

“ఏం లొల్లిరా అది?” చీకట్లో బాపు గొంతు.

“బాపూ, నేను హైదరాబాద్‌ల చదువుకుంట,” అన్నాను.

“జర దీపం ముట్టియ్యి బిడ్డా.”

ముట్టించాను. బాపు అన్నం తిని పడుకున్నాడు. అర్ధరాత్రి దాటినా పక్క గదిలో బాపు మంచం ఇంకా కిర్రుమంటూనే ఉంది.