కోటుకు పట్టిన నిమ్మవాసన

చిరంజీవి చిన్నోడికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కానీ, ఈ గదిలో అందరం అంటే నేనొక్కదాన్నే. నేను క్షేమం. పక్కవాటా దర్జీ ఆవిడ మిషను చప్పుడు వినబడుతుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే ఉంటుంది. ఆవిడ ఊరెళ్ళినప్పుడు మాత్రం కూర తరుగుతూ వంకాయలతో మాట్లాడతాను. నవ్వకు.

వడ్రంగం నేర్చుకుంటున్నానని, ఒళ్ళు చేశానని రాశావు. ఆ రెండో మాట మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

వోడ్కా ఫ్యాక్టరీలో నేనసలు ఏం చేస్తానని అడిగావు. నీకు ఆ సంగతులు రాయవచ్చా అని, అక్కడ నీ చేత మందు మాన్పిస్తున్న డాక్టరమ్మకు ఫోను చేశాను. "అడిగింది అతనే కదమ్మా. దాచిపెడితేనే ప్రమాదం" అంది. అందుకని రాస్తున్నాను. గోధుమలు ఉడకబెట్టి, పులియబెట్టి, కాచి, ఆ ఆవిరిని చల్లార్చి పడతారు. పట్టిందాన్ని మళ్ళీ కాస్తారు. చివరికి బొగ్గులో వడకట్టి నీళ్ళు కలుపుతారు. ఇంత తిప్పలూ రంగూ రుచీ వాసనా ఏదీ మిగలకుండా చేయడానికే! ఆ తర్వాత సరుకు మా గదికి వస్తుంది. నిమ్మతొక్కలో, మిరియాలో, పళ్ళో నానబెట్టి దానికి వాసన పట్టించడం నా పని. పోగొట్టడానికి ఒక మేడంతా మనుషులు, తిరిగి తెచ్చిపెట్టడానికి మేము. నిమ్మతొక్క చెక్కేటప్పుడు లోపలి తెల్లపొర తగలకూడదు, తగిలితే చేదు. నాలుక మీద చుక్క వేసుకుని ఉమ్మేస్తాను. తాగుతావా అన్నావు. లేదురా. మనింటికి రాసిపెట్టిన వాటా అంతా నువ్వే తాగేశావుగా.

ఇక నువ్వు చివర్లో రాసిన మాట. "నేనంటే సిగ్గేసి రావడం లేదా అక్కా?" అన్నావు. ఆ ప్రశ్న దగ్గరికి రావడానికే ఇంతసేపూ డొంకతిరుగుడుగా రాశాను.

నేను వచ్చాను చిన్నోడా. పోయిన నెల వచ్చాను. తలంటుకుని, ఉతికిన కోటు వేసుకుని, బిస్కెట్ల డబ్బా పట్టుకుని మీ గేటు దాకా వచ్చాను. కాపలా పెద్దాయన తలుపు తీస్తూ ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటమ్మా, మందు తెచ్చావా? లోపలికి తేకూడదు."

"లేదు బాబాయ్, చూసుకోండి" అని సంచీ తెరిచి చూపించాను.

"సంచీలోంచి కాదమ్మా, నీ దగ్గర్నుంచే వాసన వస్తోంది" అన్నాడు. పాపం, మెల్లగానే అన్నాడు.

రోజూ అందులోనే ఉండే నా ముక్కుకు ఆ వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. కంచెలోంచి చూస్తే నువ్వు షెడ్డులో చెక్క చిత్రిక పడుతున్నావు. జుట్టునిండా పొట్టు. పక్కనున్నవాడు ఏదో అంటే పగలబడి నవ్వావు. నువ్వలా నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో. నేను దగ్గరికొస్తే, నన్ను కావలించుకుంటే, నీకేమవుతుందో అని అక్కడే ఆగిపోయాను. డబ్బా ఆయన చేతిలో పెట్టి, ఎవరిచ్చారో చెప్పొద్దని బతిమాలి వెనక్కొచ్చేశాను. బస్సులో దారంతా ఏడుస్తూనే ఉన్నాను. సిగ్గు కాదురా, భయం.

పని మానేద్దామని కూడా అనుకున్నాను. అబద్ధమెందుకు, మనసొప్పలేదు. నాకు బాగా చేతనైంది ఇదొక్కటే. అక్కడైతే నా కోసం ఎదురుచూసే తోటిపనివాళ్ళూ ఉన్నారు. కానీ ఉన్న ఒక్క తమ్ముణ్ణి కంచె అవతలి నుంచి చూసుకుని బతకడం కూడా నా వల్ల కాదు.

అందుకే కొత్త బట్టలు కొని దర్జీ ఆవిడ ఇంట్లోనే ఉంచాను. వారం సెలవు పెట్టి, వాటితోనే ఆదివారం వస్తున్నాను. అయినా వాసన పూర్తిగా పోతుందని మాటివ్వలేను. నీకు కష్టమనిపిస్తే పెద్దాయనతో చెప్పి పంపు, ఏమీ అనుకోను. ఫరవాలేదనిపిస్తే నువ్వే గేటు బయటికి రా. రోడ్డు పక్కన ఆరుబయట నిలబడి మాట్లాడుకుందాం. గాలి నీ వైపు నుంచి నా వైపు వీచే చోటు చూసుకుని నిలబడతాను.

ఇట్లు,
నీ కోసం వస్తున్న
అక్క