కాగితం మీదికి ఎక్కని మాట

ఒరేయ్ ఓరిన్,

నా మీద కోపంగా ఉన్నావని తెలుసు. ఆ డీ-అడిక్షన్ సెంటర్‌కి రెండుసార్లు వచ్చాను, రెండుసార్లూ కలవనన్నావు. అందుకే రాస్తున్నాను. చదవకుండా చించేస్తే మళ్లీ రాస్తాను.

నిరుడు ఒక ఆదివారం మధ్యాహ్నం నీ ట్రక్కు బోల్తా పడితే నేను నర్సుగా ఉన్న మా ఎమర్జెన్సీకే నిన్ను తెచ్చారు. నీ దగ్గర విస్కీ వాసన గుప్పుమంది. డాక్టర్ లిండ్‌క్విస్ట్ రక్తం తీయమంటే నేనే ఆయన్ని పక్కకి లాగి, "వద్దు డాక్టర్, తాగినట్టు కాగితం మీదికి ఎక్కితే బీమా వాళ్లు చిల్లిగవ్వ ఇవ్వరు" అన్నాను. ఆయన నిట్టూర్చి, "ఈ వారంలో ఈ మాట వినడం ఇది మూడోసారి, వెర్నా" అన్నాడు. రోడ్డు మీద మంచుకి జారిందని రాశాం. పక్కటెముకలు చూసి ఇంటికి పంపాం. నీతో తాగుడు మాట ఎవరూ ఎత్తలేదు. రికార్డులో లేని జబ్బుకి వైద్యం ఎవరు చెబుతారు? ఎనిమిది నెలలకే రెండో ప్రమాదంలో నీ కాలు పోయింది. ఆ పాపంలో నాకు వాటా ఉంది.

తాగినవాడికి దెబ్బ తగిలితే బీమా ఇవ్వనక్కర్లేదన్నది మనం పుట్టకముందు రాసిన చట్టం. భయపడి జనం తాగుడు మానేస్తారనుకున్నారట. ఎవరూ మానలేదు. మేమే పరీక్షలు మానేశాం. దాన్ని రద్దు చేసే బిల్లు గురువారం శాసనసభ కమిటీ ముందుకి వస్తోంది. వెళ్లి ఇదంతా చెబుతాను. ఆసుపత్రి పెద్దలు "నోరు మూసుకో, లైసెన్సు పోతుంది" అంటున్నారు. ఇరవై ఆరేళ్లు మూసుకున్నాను, చాలు. నీ పేరెత్తను గానీ ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. నీ అనుమతి అడగడం లేదు. ముందుగా చెబుతున్నానంతే.

మీ అక్క,
వెర్నా

---

అక్కా,

నీ ఉత్తరం సరిగ్గా గురువారం ఉదయమే అందింది. విచారణని ఇక్కడ హాల్లో టీవీలో పెట్టించాను. పదకొండు మందిమి చూశాం. కమిటీలో ఆ బట్టతలాయన "అంటే రికార్డుల్లో అబద్ధాలు రాశారా?" అని అడిగాడు. "రాశానండి. రాయించింది మీ చట్టం. నా లైసెన్సు తీసేస్తే తీసేయండి, దాంతోపాటు ఆ చట్టాన్నీ తీసేయండి" అన్నావే, మావాళ్లు బల్లలు చరిచి ఈలలు వేశారు. "ఎవర్రా ఆవిడ?" అంటే "మా అక్క" అన్నాను.

బిల్లు ఒక్క ఓటుతో ఓడిపోయింది. నిన్ను డ్యూటీకి రావద్దన్నారని కూడా విన్నాను.

నీకు తెలియనిది ఒకటుంది. ఆ ఆదివారం నేను స్పృహలోనే ఉన్నాను. నువ్వు డాక్టరుతో అన్నదంతా విన్నాను. హమ్మయ్య, గట్టెక్కాననుకున్నాను. ఇంటికెళ్లగానే సీసా తీశాను. నిన్ను కలవకపోవడం కోపంతో కాదక్కా, సిగ్గుతో. ఆ కాలు నేను పోగొట్టుకున్నది, అందులో నువ్వు వాటా అడగకు. కానీ ఆ రోజు ఎవరైనా నా మొహంలోకి చూసి, "ఓరిన్, రోజుకి ఎంత తాగుతున్నావ్?" అని అడిగి ఉంటే? ఏం చెప్పేవాణ్ణో తెలీదు. అడిగించుకునే హక్కు మాత్రం నాకుంది. బిల్లుకి వ్యతిరేకంగా ఓటేసినవాళ్లు లాగేసుకున్నది అదే.

కమిటీకి ఉత్తరం రాశాను, పేరూ ఊరూ సహా. వచ్చే సమావేశాల్లో బిల్లు మళ్లీ పెడతారట. సాక్ష్యం చెబుతామని ఇక్కణ్ణించి మరో ఆరుగురు పేర్లు ఇచ్చారు. సాక్షుల బల్ల దగ్గర నీ పక్క కుర్చీ నాది. తాగానేమో చూడ్డానికి గొట్టంలో ఊదమంటే వాళ్ల ముందే ఊది మరీ మాట్లాడతాను.

నీ తమ్ముడు,
ఓరిన్ స్కోగ్‌స్టాడ్