"సాలు" అన్న చేతులు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున ఇంట్లో ప్రార్థన పెట్టించాను. పోయిన నెల జైలు నుంచి విడుదలైన నీ చిన్నకొడుకు, నా తమ్ముడు సామేలు కూడా ఉన్నాడు. మొయినాబాద్ దిక్కు ఫామ్‌హౌస్‌లన్నీ తిరిగాడు గానీ జైలు మాట తెలిశాక ఎవరూ పని ఇవ్వలేదు.

తాగిన గొడవలో ఒక మనిషి ప్రాణం తీసినవాడే. అయినా నువ్వు ప్రతి ఆదివారం చర్చిలో లేచి ప్రార్థన మనవి చెబితే సంఘమంతా వాడి పేరెత్తి ఏడ్చి ప్రార్థించేది. నీ తర్వాత నేనూ అదే మనవి చెబుతూ వచ్చాను.

ఈరోజు భోజనాల్లో వాడే బగారా అన్నం బకెట్ పట్టుకుని వడ్డించబోయాడు. ఆ సంఘం వాళ్లే ఒక్కొక్కరూ ఇస్తరాకు మీద చెయ్యి అడ్డం పెట్టి "సాలు" అన్నారు. ఆకుల్లో ఇంకా ఏమీ పడలేదవ్వా. వాడు బకెట్ నా చేతికిచ్చి, వాకిట్లో చెప్పులు విడిచిన చోట కూర్చున్నాడు. అదే అన్నం నేను పెడితే అందరూ తిన్నారు.

చనిపోయినతని భార్య చేవెళ్ల బస్టాండులో ఎదురై మొహం తిప్పుకుంటే నేను తల దించుకుంటాను. ఆమె బాధ ఆమెది. వీళ్లకేమైంది?

పోయేముందు సంఘ పెద్ద చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఆదివారం మనవి ఏమన్న ఉన్నదా బిడ్డా?"

"సామేలు కోసమే, పెద్దయ్యా. జైల్ల ఉన్నప్పుడు చేసినట్టే చెయ్యుండ్రి."

"ఇంకెందుకు? బయటికొచ్చిండు కదా."

నేను చెప్పుల వైపు చూశాను.

"యాడ వచ్చిండు, పెద్దయ్యా?"