లేని నేలకు కొలతలు

మార్చి 3

ప్రియమైన అక్కకి,

స్వెటరు అందింది. చేతులు బాగా పొడుగయ్యాయి. నేనింకా పెరుగుతున్నానని నీ నమ్మకం కాబోలు.

జైల్లో ఓ కొత్త కాలక్షేపం పెట్టుకున్నాను. మధ్యాహ్నం తాళాలు తీసే గంటన్నరలో నలుగురు ఖైదీలం కూర్చుని ఓ కథ ఆట ఆడుతున్నాం. కథ నడిపేది నేను. వంటమాస్టారు, టైలరు, తాత తలో పాత్ర ఎంచుకుని అందులో దూరిపోతారు. "నేను అటు వెళ్తాను, తలుపు కొడతాను" అని వాళ్ళంటే, ఏమవుతుందో సబ్బుముక్కని చెక్కి చేసిన పాచిక తేలుస్తుంది. కథ జరిగేది వేరే గ్రహం మీద. ఒకప్పుడు అక్కడ గాలి లేదు, చుక్క నీరు లేదు. మనుషులు వెళ్ళి రెండొందల ఏళ్ళు కష్టపడి రెండూ పుట్టించారు. ఇప్పటికీ పల్లంలోనే ఊపిరాడుతుంది. గుట్టెక్కితే ముసుగు ఉండాల్సిందే.

చిక్కల్లా దూరాలతోనే. "వాగు ఎంత దూరం? గుట్ట ఎటువైపు?" అని ముగ్గురూ నా బుర్ర తినేస్తున్నారు. నిన్న ఏం చెప్పానో నాకే గుర్తుండి చావదు. సర్వే ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా పటాలు గీస్తున్న అక్కని పెట్టుకుని నేనిలా నీళ్ళు నమలడమేమిటి? ఆ గ్రహానికో పటం గీసి పంపవూ?

నవంబరులో నా విడుదల సంగతి తేలుస్తారు. అందాకా ఏ మాటా పడకపోతే రెండేళ్ళు ముందే ఇంటికి పంపిస్తారట. నిద్రమత్తులో బస్సు బోల్తా కొట్టించి ముగ్గురిని పొట్టన పెట్టుకున్నవాడికి అది ఎక్కువేనేమో. అయినా ఆశ చావదు కదా.

ఎదురుచూస్తూ,
నీ చిన్నోడు

ఏప్రిల్ 14

చిన్నోడికి ప్రేమతో,

ఐదు ఆదివారాలు కూర్చుని గీసిన పటం తిరిగొచ్చింది. 'పటాలు అనుమతించబడవు' అని ముద్ర కొట్టారు, అదీ సముద్రం నీలం మీదే. ఉత్తరాలు విప్పి చదివే సారు దగ్గరికి వెళ్ళి కిటికీలోంచి వాదించాను. "ఈ చోటు భూమ్మీద లేదండీ" అన్నాను. "ఎక్కడున్నా పటం పటమేనమ్మా" అన్నాడు. ఆయనతో పెట్టుకుంటే నీకే నష్టమని నోరు కట్టేసుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ పటం నాకూ నచ్చలేదు. లేని నేలకు కొలతలు రాయడం నా చేతకాదు. కొండలన్నీ చిన్నపిల్లల బొమ్మల్లా వచ్చాయి.

పటం వద్దన్నారు గానీ అంకెలు వద్దనలేదు. అందుకని మేం నేల కొలిచే పద్ధతిలోనే రాసి పంపుతాను, నువ్వే గీసుకో. రాతి మెట్టు దగ్గర మొదలుపెట్టు. ఉత్తరం నుంచి కుడికి డెబ్భై డిగ్రీలు, మూడొందల పది అంగలు. అక్కడ వాగు ఎడమకి మళ్ళుతుంది. మళ్ళీ నూటపది డిగ్రీలు, ఐదొందల నలభై. నా అంగ ఒక్కొక్కటీ మీకో కిలోమీటరు అనుకోండి. కోణాలకి కాగితం మడుచుకో. చిన్నప్పుడు మొట్టికాయలు వేసి మరీ నేర్పాను, మర్చిపోయి ఉండవు.

నీ జాగ్రత్తలో నువ్వుండు. నీ గదికి సున్నం వేయిస్తున్నాను.

అక్క

జూలై 28

ప్రియమైన అక్కకి,

నీ అంకెలు వచ్చిన రోజు ఇక్కడ సందడే సందడి. పటం సగం పైగా తయారైంది. నేల ఎంత బాగా కుదిరిందో! ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఎక్కడ ముసుగు తీసి ఊపిరి పీల్చుకోవచ్చో అందరికీ కంఠతా వచ్చేసింది. నాలుగు గోడల మధ్య ఉన్నామన్న సంగతి ఆ గంటన్నరా గుర్తుండడం లేదక్కా.

తాత సంగతే వింతగా ఉంది. ఇరవయ్యారేళ్ళుగా ఇక్కడున్నాడు, ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసక. మొదట్లో ఆటలో పెదవి విప్పేవాడు కాదు. ఇప్పుడు నేను చెప్పకముందే "వాగు దాటితే జంట గుట్టలుండాలే" అంటాడు. నీ తర్వాతి ఉత్తరంలో జంట గుట్టలే వచ్చాయి! "తాతకి ఆ గ్రహంలో వియ్యాలవారున్నారు" అని టైలరు ఏడిపిస్తున్నాడు. మొన్న ఆ గుట్టల కింద ఓ బావి పెట్టమన్నాడు. ముచ్చటపడుతున్నాడు కదా అని పెట్టాను. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

నీ చిన్నోడు

ఆగస్టు 9

చిన్నోడా,

తాతది ఏ ఊరు? అడిగి వెంటనే రాయి.

ఆఫీసులో పని ఎక్కువైంది, ఇక అంకెలు పంపలేను. ఆ ఆట చాలించండి. పటం చించెయ్యి. ఎందుకని అడక్కు.

అక్క

సెప్టెంబరు 5

ప్రియమైన అక్కకి,

నామీద కోపమొచ్చిందా? కారణం చెప్పకుండా ఇంత కటువుగా నువ్వెప్పుడూ రాయలేదు. పటం చించబోతే తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉంచరా అబ్బాయ్, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. ఆయన కోసం చిన్న కాగితం మీద ఇంకోటి గీసిచ్చాను. కళ్ళకి ఆనించుకుని చూసుకుంటున్నాడు.

ఊరేదని అడిగాను. "ఎంతో దూరం కాదులే, ఈ గోడ అవతలే. ఇప్పుడక్కడ ఎవరూ లేరు" అన్నాడు. ఇంతకీ ఆయన ఊరితో నీకేం పని?

నీ చిన్నోడు

నవంబరు 19

ప్రియమైన అక్కకి,

రెండు నెలలుగా నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు, ములాఖత్‌కీ రాలేదు. ఒంట్లో బాగుందా?

తాత చనిపోయాడు. కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చారు. వెనక గేటు తెరిచేదాకా బండి బయట ఆగితే, ఆ కాస్త సందులో దిగి వెళ్ళిపోయాడు. మూడో రోజున జంట గుట్టల కింద ఓ పాడుబడ్డ బావిలో శవం దొరికింది. చొక్కా మడతలో నేను గీసిచ్చిన పటం ఉంది. పటంలో బావి ఉన్నచోటే నిజంగానూ బావి ఉందట.

అక్క పంపినవి ఉత్త అంకెలేననీ, తాత చెప్పిన గుర్తులతో వాటిని నేనే మార్చి ఈ పటం గీశాననీ రాసి సంతకం పెట్టాను. ఖైదీ పారిపోవడానికి సాయం చేశానని కేసు రాశారు. ఇక నవంబరు విచారణ నాకు లేదు. ముందే వదిలేయడం మాట అటుంచి ఇంకో మూడేళ్ళు వేస్తారంటున్నారు. గది ఎవరికైనా అద్దెకిచ్చెయ్యి. ఇందులో నీకు తెలిసిందేమీ లేదు గనక బెంగ పెట్టుకోకు.

వంటమాస్టారు పాచిక నీళ్ళలో పడేశాడు.

నీ చిన్నోడు

డిసెంబరు 2

ప్రియమైన చిన్నోడికి, నీకంటే ముందు ఈ కాగితం విప్పే సారుకి,

సార్, వాడు రాసి సంతకం పెట్టింది అబద్ధం. ఆ నేల కొలిచింది నేను. ఏప్రిల్ నుంచి జూలై దాకా ములాఖత్ అయిన ప్రతిసారీ బస్సెక్కకుండా, ఆఫీసు దిక్సూచి సంచిలో పెట్టుకుని, మీ వెనక గేటు రాతి మెట్టు దగ్గర్నుంచి నడిచాను. అంగలు లెక్కపెట్టుకున్నాను. నా కొలతల పుస్తకం దీనితోపాటు ఇస్తున్నాను. ప్రతి పేజీ మీదా తేదీ ఉంది. మీ ములాఖత్ రిజిస్టరుతో సరిచూసుకోండి. అది ఏ నేలో నా తమ్ముడికి తెలీదు.

చిన్నోడా, నిన్ను కిటికీలు లేని బండిలో తెచ్చి లోపల వేశారు. నాలుగేళ్ళుగా గోడ అవతల ఏముందో నువ్వు చూడలేదు. గ్రహం పేరు చెప్పి నిన్ను ఆ నేల మీద కాసేపు నడిపించాలనిపించింది. అంతకుమించి నాకే ఆలోచనా లేదు.

తాత బావి పెట్టమన్నాడని నువ్వు రాయగానే అది ఆయన ఎరిగిన నేలేనని అనుమానమొచ్చింది. ఆ బావి నా పుస్తకంలో ఉంది, నీకు పంపలేదు. ఆయన ఊరు అక్కడేనని తెలిసిన రోజే వచ్చి ఒప్పుకుని ఉంటే సారు వాళ్ళు ఆ పటం లాగేసుకునేవాళ్ళు, ఆ ముసలాయన బతికుండేవాడు. ఉద్యోగం పోతుందని నోరు మూసుకు కూర్చున్నాను. నీ మొహం చూడలేక ములాఖత్‌కి రాలేదు. ఇంత పిరికిదాన్నని నాకూ తెలీదురా.

పదిహేడో పేజీలో ఆ బావి గురించి ఇలా రాసుకున్నాను: 'పిట్టగోడ కూలిపోయింది. నేలకి సమంగా గొయ్యి. దగ్గరికి వెళ్ళేవాళ్ళకి ప్రమాదం.' కథల్లోని గ్రహానికి ఇదంతా ఎందుకని వదిలేశాను. ఆ చూపు సరిగా లేని మనిషికి కావలసింది ఆ ఒక్క ముక్కే.

ఇది పోస్టులో వెయ్యడం లేదు. కిటికీ దగ్గర సారు చేతికే ఇస్తాను. ఆయన చదవడం అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చుంటాను.

అక్క