గోటితో వంచిన రేకులు

అక్కా,

మన సంఘం కానివాణ్ణి పెళ్లాడావని ఫాదర్ నిన్ను చర్చి గానబృందం నుంచి తీసేసిన రోజు, పక్కనే ఉన్న నేనెందుకు నోరు మెదపలేదు? పదకొండేళ్లుగా నన్ను తొలిచే ప్రశ్న ఇదే.

ఆయనకు బదిలీ అయింది. వీడ్కోలు సభకు కాగితం గులాబీలు చేస్తున్నాను, నువ్వు నేర్పినట్టే రేకు అంచును బొటనవేలి గోటితో వంచుతూ. నిన్న ఆయనే ఒకటి చేతిలోకి తీసుకుని, "అచ్చం నిజం పువ్వేనమ్మా! ఎవరు నేర్పారు?" అన్నారు.

"ఎవరూ నేర్పలేదు ఫాదర్, నేనే నేర్చుకున్నాను."

పక్కన కాడలకు తీగ చుడుతున్న పిన్ని, ఆయన వెళ్లాక గొణిగింది: "అక్కను రెండోసారి గెంటావు కదే!"

నీ తర్వాత ముందు వరసలో నిలబడి పాడుతున్నది నేనే. ఆ రోజు ఫాదర్‌కు భయపడ్డానో, నీ చోటు ఖాళీ అయిందని లోలోపల సంతోషించానో, ఒట్టు, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి